తెడ్డు లేని పెనం



నీరు కనబడకుండా పోయే తీరును చెప్పడానికి తెలుగులో క్రియలకు కరువు లేదు. నేలలోకి పోతే ఇంకుతుంది. గుడ్డ మీది తడి ఆరుతుంది. చెరువు ఎండుతుంది. పొయ్యి మీద గిన్నెలో తగ్గితే ఇగురుతుంది. ఇన్ని మాటలుండగా బడిపుస్తకం వీటన్నిటినీ పక్కకు నెట్టి ‘బాష్పీభవనం’ అనే సమాసాన్ని తెచ్చి పీట వేసింది. ఆ మాట మీద నాకు కోపమేమీ లేదు. బాష్పం కానిది బాష్పం కావడం అని వ్యాకరణం చెప్పే అభూతతద్భావం అందులో చక్కగా ఒదిగింది. పైగా బాష్పమంటే ఆవిరీ, కన్నీరూ కూడా. అయితే ‘ఇగురు’లో ఉన్న ఒక అర్థం ‘బాష్పీభవనం’లో రాదు. ఇగిరిన తరువాత ఏదో ఒకటి మిగులుతుంది. అందుకే మన వంటింట్లో ఇగురు ఒక కూర పేరు కూడా అయింది.

ఈ టపా అలా మిగిలేదాని గురించి. రెండు మూడు పదార్థాలో, ఒక్కొక్కప్పుడు కొన్ని వందల పదార్థాలో కలిసిన ఒక చిన్న బిందువు గాలిలో ఎలా ఇగురుతుందో లెక్కగట్టడానికి శాస్త్రజ్ఞులు సుమారు నూటయాభై ఏళ్ళుగా పడిన పాట్ల చరిత్ర ఇది. తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకంటారా? నా దగ్గర ఛందస్సు నేర్చుకొన్న ఒక అబ్బాయి ఇప్పుడు ఇంజన్లలో ఇంధనపు తుంపరలను కంప్యూటరు మీద గణించే పనిలో ఉన్నాడు. “మాస్టారూ, నేను చేసే పని ఏమిటో మా అమ్మకు తెలుగులో చెప్పలేకపోతున్నాను. నాలుగు మాటలు ఇవ్వండి” అని అడిగాడు. మాటలు ఇవ్వాలంటే ముందు విషయం తెలియాలి గదా! కొన్ని నెలలు దాని వెంట పడ్డాను. మాది గురజాడ పుట్టిన ఎస్. రాయవరం, అంటే సర్వసిద్ధి రాయవరం, కనుక దీన్ని గ్రాంథికంలో వ్రాసే సాహసం మాత్రం చేయను.

మా ప్రాంతంలో ఇగరడం అంటే మొదట గుర్తుకు రావలసింది బెల్లం పెనం. అనకాపల్లి బెల్లం సంగతి చదువరులకు కొత్తగా చెప్పనక్కరలేదు. చెరకు పరిశోధన కోసం అక్కడ 1913లోనే ఒక కేంద్రం వెలిసింది. గానుగలోంచి వచ్చిన రసంలో ఇంచుమించు అయిదింట నాలుగు వంతులు నీరే. దాన్ని వెడల్పాటి పెనంలో పోసి, ఆరిన పిప్పినే వంటచెరకుగా మంట పెడతారు. కాస్త సున్నం వేస్తారు, పైకి తేలిన మడ్డి తీస్తారు. నీరు పోతున్నకొద్దీ పాకం చిక్కబడుతుంది, దానితో పాటు మరిగే వేడిమి పెరుగుతుంది. మొదట నూరు డిగ్రీల దగ్గర తెర్లిన రసం, దించే వేళకు 118 డిగ్రీల దాకా పోతుంది. పంచదార ఆవిరి కాదు, నీరే పోతుంది. కాని పంచదార అణువులు మధ్యలో అడ్డుపడి నీటిని తొందరగా పోనివ్వవు. కరిగిన పదార్థం ఎంత ఉంటే ద్రవపు ఆవిరిపీడనం అంత తగ్గుతుందన్న ఈ సంగతిని గ్రెనోబుల్‌లో ఆచార్యుడుగా ఉన్న ఫ్రాన్స్వా మరీ రౌల్ 1887లో ఒక సూత్రంగా నిలిపాడు. ద్రవంలో ఎవరి అణువుల వాటా ఎంతో, పైన ఆవిరిలో వారి ఒత్తిడి అంత. పంపకాల్లో ఇంత న్యాయమైన సూత్రం మరొకటి లేదు. ఆ న్యాయం ఎక్కడ చెడుతుందో ముందు చెబుతాను.

పెనం దగ్గర చూడవలసిన మనిషి మరొకడున్నాడు, తెడ్డు పట్టినవాడు. అతడు ఆపకుండా కలుపుతాడు. కలపకపోతే అడుగు మాడుతుంది, పైన పలచన, కింద చిక్కన అవుతుంది. అతడు కలుపుతున్నాడు కనుకనే పెనంలో ఏ మూల గరిటె ముంచినా ఒకటే పాకం, ‘ఇప్పుడు పాకం ఇంత చిక్కన’ అని ఒక్క మాటలో చెప్పగలం. ఈ తెడ్డును దయచేసి గుర్తుంచుకోండి.

మా మండలంలోనే ఉన్న ఏటికొప్పాక పేరు చెప్పగానే అందరికీ లక్కబొమ్మలు జ్ఞాపకం వస్తాయి. కాని చక్కెర చరిత్రలో కూడా ఆ ఊరికి ఒక స్థానముంది. 1933-35 మధ్య దేశంలో మొదలైన నాలుగు సహకార చక్కెర కర్మాగారాల్లో మూడు తెలుగునాట పుట్టాయి: ఏటికొప్పాక, తుమ్మపాల, ఉయ్యూరు. నాలుగోది నేటి ఉత్తరప్రదేశ్‌లోని బిశ్వాన్. ఆ నాలుగింటిలో తొలి దశలో నిలదొక్కుకొన్నది ఏటికొప్పాకది. చక్కెర కర్మాగారంలో పెనానికి బదులు వరుసగా మూసిన పాత్రలుంటాయి. మొదటి పాత్రలో పుట్టిన ఆవిరే రెండో పాత్రకు మంట, రెండోదాని ఆవిరి మూడోదానికి. ఒక్కొక్క దానిలో ఒత్తిడి తగ్గించుకుంటూ పోతారు కనుక తక్కువ వేడికే రసం మరుగుతుంది. ఈ ఉపాయాన్ని 1840లలో కనిపెట్టి పేటెంటు పొందినవాడు నార్బర్ట్ రిల్యూ. అమెరికాలోని న్యూ ఓర్లియన్స్‌లో 1806లో ఒక నల్లజాతి స్త్రీకి పుట్టినవాడు. బానిసలు మరిగే రసాన్ని ఒక పెనంలోంచి మరో పెనంలోకి చేతులతో తోడి పోస్తున్న రోజులవి. ఆయన మీద ఒక టపా వేరే వ్రాయదగినంత కథ ఉంది.

పెనాన్ని వదిలి ఇక బిందువు దగ్గరికి వద్దాం.

బిందువు ఇగరడాన్ని మొదట గణితంలోకి దించినవాడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. విద్యుదయస్కాంత సమీకరణాలతో లోకప్రసిద్ధుడైన ఆ మహానుభావుడే బ్రిటానికా విజ్ఞానసర్వస్వం తొమ్మిదో కూర్పుకు 1877లో ‘డిఫ్యూజన్’ అనే ఆరోపం వ్రాస్తూ, మధ్యలో, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం గుండు ఎంత చల్లబడుతుందన్న ప్రశ్న వేసుకొన్నాడు. కూజాలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయన్న ప్రశ్న కూడా అదే. ఆయన చెప్పిన దాని సారం ఇది. బిందువు చుట్టూ దాని ఆవిరే ఒక గుంపుగా మూగి ఉంటుంది. ఆ గుంపు లోంచి దారి చేసుకొని బయటపడితేనే కొత్త ఆవిరికి చోటు. అందుచేత ఇగిరే వేగం బిందువు ఉపరితలాన్ని బట్టి కాక దాని వ్యాసార్థాన్ని బట్టి ఉంటుంది. దీనినుంచి తేలేదేమంటే, బిందువు వ్యాసపు వర్గం కాలంతో పాటు సమంగా తరుగుతుంది. రెండింతల బిందువు ఆరడానికి నాలుగింతల సమయం కావాలి. 1882లో రష్యాలో స్రెజ్నెవ్‌స్కీ ప్రయోగంతో దీన్ని చూశాడు. 1918లో అమెరికాలో లాంగ్‌మ్యూర్ అయొడిన్ గోళాల మీద మరొకరు చేసిన కొలతలకు ఇదే వివరణ ఇచ్చాడు. గాలి వీచినప్పుడు ఆవిరి గుంపు చెదిరి పని తొందరగా జరుగుతుందని 1938లో స్వీడన్‌లో ఫ్రొస్లింగ్ లెక్క చూపాడు.

ఆ తరువాత యుద్ధం వచ్చింది, జెట్ ఇంజన్లు వచ్చాయి. ఇంధనాన్ని తుంపరగా చల్లి మండించే యంత్రాలకు, ఒక్క తుంపర ఎంత సేపట్లో కాలిపోతుందో తెలియకపోతే గది ఎంత పొడవుండాలో తెలియదు. 1953లో ఇంగ్లండులో గాడ్‌సేవ్, స్పాల్డింగ్ విడివిడిగా మండే బిందువుకూ ఆ వర్గసూత్రమే వర్తిస్తుందని తేల్చారు. దానికి ఒక ఏడు ముందు, 1952లో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాంజ్, మార్షల్ అనే ఇద్దరు, సన్నని గొట్టం కొసన వేలాడే నీటిబొట్టు మీదికి గాలి వదిలి, అది ఆరే వేగానికి ఒక సూత్రం కట్టారు. వారి ఆసక్తి ఇంజన్ల మీద కాదు, పాలపొడి వంటి పొడులు చేసే తుంపర ఆరబోత మీద. డెబ్భై ఏళ్ళు గడిచినా ఇంధనపు జల్లును గణించే సాఫ్ట్‌వేరు ఏది తెరిచినా రాంజ్-మార్షల్ సూత్రం అందులో ఎక్కడో ఒకచోట కనబడుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా ప్రధానంగా ఒక్క ద్రవపు బిందువు కథ. ప్రపంచంలో అటువంటి బిందువులు ఎన్ని ఉన్నాయి? పెట్రోలులో వందలాది హైడ్రోకార్బన్లు. కన్నీటిలో ఉప్పు, మాంసకృత్తులు, కొవ్వు. రేవుపోలవరం ఒడ్డున అల విరిగి లేచే తుంపరలో ఉప్పు. శుద్ధజలం ప్రయోగశాలలో దొరుకుతుంది, గాలిలో దొరికేది ఎప్పుడూ ఇగురే.

మిశ్రమ బిందువుకు మొదట ఇచ్చిన జవాబు సులువైనది. పెనం లెక్కే దీనికీ వేయడం. లోపల అంతా ఒకే పాకమని ఊహించుకో, రౌల్ సూత్రం ప్రకారం ఏది ఎంత పోతుందో చూసుకో. తేలిక పదార్థం ముందు పోతుంది, బరువైనది చివర మిగులుతుంది. సారా బట్టీలో జరిగేది ఇదే కదా! ప్రిన్స్‌టన్‌లో చాలాకాలం పనిచేసిన సి. కె. లా 1976లో ఈ ఊహను బిందువు మండడానికి క్రమంగా వర్తింపజేశాడు. దీన్ని ‘బాగా కలిసిన బిందువు’ అందాం.

కాని ఇక్కడే చిక్కు. బిందువులో తెడ్డు ఎవరు పట్టారు? వెంట్రుక మందం కూడా లేని ఆ గోళంలో ఉపరితలం దగ్గర తేలిక పదార్థం అయిపోతే, నడిమధ్యలో ఉన్నది పైకి రావాలి. దాన్ని తెచ్చేవాడు లేడు. అది అణువుల మధ్య తోపులాటలో మెల్లగా జరుగుతూ రావలసిందే. ద్రవంలో వేడి వ్యాపించే వేగంతో పోలిస్తే పదార్థం వ్యాపించే వేగం పదుల రెట్లు తక్కువ. అంటే బిందువంతా వేడెక్కిపోతుంది గాని, లోపలి పదార్థానికి బయటికి రావడానికి వ్యవధి ఉండదు. లాండిస్, మిల్స్ అనే ఇద్దరు 1974లోనే ఈ ఆటంకాన్ని లెక్కలోకి తెచ్చారు. ఆ ఆటంకం పూర్తిగా నెగ్గితే ఏమవుతుందో చూడండి. ఉల్లిపాయ పొరలు ఒలిచినట్టు, ఏ పొరలో ఏముంటే అది అలాగే పోతుంది. తేలికది ముందూ లేదు, బరువైనది వెనకా లేదు.

దీనికొక వింత పర్యవసానముంది. పైపొర బరువైన పదార్థంతో నిండి బాగా వేడెక్కుతుంది. లోపల చిక్కుకొన్న తేలిక పదార్థం తన మరుగుస్థానం దాటిపోయి, ఉన్నట్టుండి ఆవిరై, బిందువును చీల్చుకొని బయటపడుతుంది. కాగే నూనెలో నీటిచుక్క పడితే చిటపటలాడి మీదికి ఎగిరే సంగతి వంట చేసేవారికి చెప్పాలా? 1960లలో రష్యాలో ఇవనోవ్, నెఫెదోవ్ అనేవారు నీరు కలిపిన ఇంధనపు బిందువులలో ఇదే చూసి వ్రాశారు. ఒక బిందువు పగిలి అనేకం కావడం ఇంజనుకు మేలే. ‘బాగా కలిసిన బిందువు’ లెక్కలో మాత్రం ఈ చిటపట ఎప్పటికీ కనబడదు.

రెండు కొసలూ తెలిశాక మధ్యదారి వెతికినవాడు కాలిఫోర్నియాలోని విలియం సిరిన్యానో. బిందువు ఊరికే నిలబడదు, గాలిలో దూసుకుపోతుంది. గాలి దాని చర్మాన్ని వెనక్కు ఈడుస్తుంది. ఆ ఈడ్పుకు లోపలి ద్రవం గుండ్రంగా సుడి తిరుగుతుంది. గోళంలో సుడి ఎలా ఉంటుందో 1894లోనే హిల్ అనే గణితవేత్త వ్రాసిపెట్టాడు. అంటే ఇక్కడ గాలే తెడ్డన్నమాట. అయితే ఆ తెడ్డు పూర్తిగా కలపగలదా? కలపలేదని సిరిన్యానో, ఆయన సహచరులు తేల్చారు. సుడి ఎంత వేగంగా తిరిగినా తన దారిలోనే తాను తిరుగుతుంది. ఒక వలయంలోని పదార్థం పక్క వలయంలోకి పోవాలంటే మళ్ళీ ఆ పాత మెల్లని తోపులాటే గతి. ఆబ్రమ్‌జోన్, సిరిన్యానో 1989లో ఇచ్చిన సూత్రంలో, సుడి వల్ల లోపలి వ్యాపనం మహా అయితే 2.7 రెట్లు పెరుగుతుంది, అంతకు మించదు. ఎంత గాలి వీచినా అంతే. ఈ చరిత్ర మొత్తంలో నాకు నచ్చిన అంకె ఇది.

మరి ఇంత తెలిసిన తరువాత సాఫ్ట్‌వేరులన్నీ ఈ మధ్యదారినే పట్టాయా అంటే, లేదు. కారణం ఖర్చు. ఒక్క పిచికారీలో కోట్ల బిందువులు. అన్నిటినీ లెక్కించలేక, ఒకే రకం బిందువులను ఒక మూటగట్టి, ఆ మూటకు ఒక్క లెక్క వేసే పద్ధతిని అమెరికాలో లాస్ అలామోస్ ప్రయోగశాలలోని డుకోవిచ్ 1980లో స్థిరపరచాడు. ఆ ప్రయోగశాల నుంచే 1985లో ఇంజన్ల కోసం ‘కీవా’ అన్న ప్రోగ్రాము వెలువడింది. కీవా అంటే ఆ ప్రాంతపు ఆదివాసులైన ప్యూబ్లో ప్రజలు నేలలో కట్టుకొనే పూజామందిరం. పైకప్పులోంచి నిచ్చెన మీద దిగాలి. ఇంజను సిలిండరులోకి వాయువులు పైనున్న కవాటాల నుంచే వస్తాయి, పోతాయి గనుక ఆ పేరు పెట్టారు. నామకరణంలో ఇంత ఔచిత్యం మన కవులకే ఉంటుందనుకొనేవాణ్ణి. 1989 నాటి రెండో కూర్పులో కూడా ఇంధనం ఒక్క ద్రవమే. వందల పదార్థాల పెట్రోలును ఒకే పదార్థంగా పిలిచారు. తరువాతి సాఫ్ట్‌వేరుల్లో మిశ్రమాలు వచ్చాయి గాని, మూటకొక ఉల్లిపాయ పొరల లెక్క వేయడం భారమని, సాధారణంగా వాడుకలో నిలిచింది ‘బాగా కలిసిన బిందువే’. గణించేవాడు ఒక గడిలో టిక్కు పెడతాడు, లక్షల బిందువుల్లో లక్ష తెడ్లు పుట్టుకొస్తాయి.

వందల పదార్థాలను పట్టుకోవడానికి రెండు ఉపాయాలు పుట్టాయి. ఒకటి, ఆరేడు ప్రతినిధులను ఎన్నుకొని తక్కినవాటిని వారి పేరు మీద నడపడం. ఇది మన ఛందస్సే. భాషలో మాటలు అనంతం, అయినా వాటిని గురువు, లఘువు అని విడదీసి య మ త ర జ భ న స అనే ఎనిమిది గణాల్లో సర్దుకోలేదూ! మా అబ్బాయికి ఈ మాట చెబితే చాలా సంతోషించాడు. రెండోది, ఒక్కొక్క పదార్థాన్ని పేరుపేరునా ఎంచక, అణుభారాల పంపకాన్నంతటినీ ఒకే వంపు గీతగా గీసి, బిందువు ఇగురుతున్నకొద్దీ ఆ గీత ఎలా జరుగుతుందో చూడడం. కెనడాలో తమీమ్, హాలెట్ 1995లో బిందువులకు దీన్ని వర్తింపజేశారు.

ఇదంతా ప్రయోగశాలల్లో పండితుల వాదమైతే నేను ఇంత దూరం వచ్చేవాణ్ణి కాను. మన వాకిట్లోకి వచ్చిన మూడు బిందువులను చూపిస్తాను.

మొదటిది చెరకు నుంచి పుట్టి పెట్రోలు బంకుకు చేరినది. మొలాసిస్ నుంచీ రసం నుంచీ తీసిన ఇథనాలును పెట్రోలులో కలపడం 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాల్లో అయిదు శాతంతో మొదలైంది. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2023 ఫిబ్రవరిలో ఇరవై శాతం కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది, 2025లో దేశమంతటి సగటే ఇరవైకి చేరింది. మైలేజి తగ్గుతుందా, పాత బండ్లకు చేటా అన్న చర్చ మీరందరూ వినే ఉంటారు. లీటరుకు లీటరు ఇథనాలులో శక్తి మూడోవంతు తక్కువ గనుక ఆ చర్చకు ఆధారం లేకపోలేదు. నేను చెప్పేది బిందువు సంగతి. రౌల్ న్యాయం చెడేది ఇక్కడే. ఇథనాలు అణువులు తమలో తాము చేతులు పట్టుకొని ఉంటాయి, అందుకే ఒంటరి ఇథనాలు 78 డిగ్రీల దాకా మరగదు. పెట్రోలు గుంపులో కొద్దిపాటిగా చెదిరిపోతే, పట్టుకోవడానికి తమవారి చెయ్యి దొరక్క, ఇట్టే ఎగిరిపోతాయి. పది శాతం దగ్గర ఆ మిశ్రమపు ఆవిరిపీడనం ఒట్టి పెట్రోలు కన్నా, ఒట్టి ఇథనాలు కన్నా ఎక్కువ. వాటాల లెక్క ప్రకారం పెట్రోలు కన్నా తగ్గాలి, నిజానికి పెరిగింది. ఈ అన్యాయాన్ని దిద్దే గుణకాలను అణువుల ముక్కలను బట్టి అంచనా వేసే ‘యూనిఫాక్’ పద్ధతి 1975లో వచ్చింది. అది లేకుండా ఇథనాలు బిందువును లెక్కవేస్తే మొదటి మెట్టులోనే తప్పు. రెండో మెట్టులో మరొకటుంది. ఇథనాలు ఆవిరి కావడానికి పెట్రోలుకు కావలసిన వేడికి రెండింతల కన్నా ఎక్కువ కావాలి. అది పోతూ పోతూ బిందువును చల్లబరుస్తుంది, చల్లబడిన బిందువులో బరువైన హైడ్రోకార్బన్లు ఆరకుండా మిగిలి పిస్టను మీద తడిగా అంటుకొంటాయి. మసి అక్కడ పుడుతుంది. తెడ్డు ఉందనుకొన్న లెక్కకూ లేదనుకొన్న లెక్కకూ ఆ తడి ఎంత అన్నదానిలో తేడా వస్తుంది.

రెండోది కమ్మనిది. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో చల్లా రాజేంద్రప్రసాద్ 1994లో స్థాపించిన సీసీఎల్ సంస్థ కాఫీ డికాషనును పొడిచేసి దేశదేశాలకు పంపుతుంది. అటువంటి పొడి చేసే ప్రధాన పద్ధతుల్లో ఒకటి, చిక్కని డికాషనును ఎత్తైన గోపురం వంటి గదిలో పైనుంచి చల్లి వేడిగాలిలో ఆరబెట్టడం. పొడులు చేయడానికి ద్రవాన్ని చల్లి ఆరబెట్టే ఉపాయానికి అమెరికాలో శామ్యూల్ పెర్సీ 1872లోనే పేటెంటు పొందాడు. ఇందులో ఒక వింత ఉంది. కాఫీకి వాసన ఇచ్చే పదార్థాలు నీటికన్నా ఎన్నో రెట్లు చపలమైనవి. కలిసిపోయిన బిందువైతే నీటిలో పదోవంతు పోకముందే అవన్నీ పోవాలి, మిగిలేది చేదుపొడి. కాని అలా జరగదు. 1968లో హాలండులో టీసన్, రుల్కెన్స్ దీనికి కారణం చెప్పారు. బిందువు చర్మం తొందరగా చిక్కబడి గట్టిపడుతుంది. ఆ చిక్కని పొరలోంచి చిన్నదైన నీటి అణువు ఎలాగో దూరి పోతుంది. దానికన్నా పెద్దవైన వాసన అణువులకు దారి మూసుకుపోతుంది. నీరు పోతుంది, వాసన నిలుస్తుంది. అందుకే డికాషను ముందే చిక్కగా ఉంటే మేలు, ఆరడం తొందరగా మొదలైతే మేలు. తెడ్డు లేకపోవడమే ఇక్కడ వరం. బిందువు నిజంగా పెనమైతే లోకంలో ఇన్‌స్టంట్ కాఫీ ఎవరూ తాగేవారు కారు. (ఫిల్టరు కాఫీ పక్షపాతులు ఇప్పుడు కూడా తాగరు, వారితో నాకు వాదం లేదు.)

మూడోది ఊపిరి. దీని దగ్గర కాస్త ఆగాలి.

హార్వర్డ్‌లో పనిచేస్తున్న విలియం వెల్స్ 1934లో ఒక చిన్న వంపు గీత గీశాడు. మనిషి తుమ్మినా దగ్గినా బయటపడే బిందువు రెండు మీటర్ల ఎత్తునుంచి నేలకు చేరడానికి ఎంతసేపు, ఆలోగా ఆరిపోవడానికి ఎంతసేపు? పెద్దవి ముందే నేల రాలతాయి, చిన్నవి ముందే ఆరిపోతాయి. రెండు గీతలూ కలిసేది సుమారు వంద మైక్రాన్ల దగ్గర, అంటే మిల్లీమీటరులో పదోవంతు. గీతకు వాడిన లెక్క నిశ్చలమైన పొడిగాలిలో శుద్ధజలపు బిందువుది. ఉమ్మి శుద్ధజలం కాదని వెల్స్‌కు తెలియక కాదు. ఆరిన తరువాత మిగిలే గింజకు ‘బిందుకేంద్రకం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టిందీ, అది గంటల తరబడి గాలిలో తేలుతుందని హెచ్చరించిందీ ఆయనే. తన కాలంలో ఆయన మాటను పెద్దలు అంతగా లెక్కచేయలేదు. గీతను ఉంచుకొన్నారు, గింజను మరచిపోయారు. ఆపైన మరొక కలగాపులగం జరిగింది. క్షయ సూక్ష్మజీవి ఊపిరితిత్తుల లోతుకు చేరాలంటే కణం అయిదు మైక్రాన్ల లోపుండాలన్న వేరే సంగతి, గాలిలో తేలే కణానికి హద్దుగా పుస్తకాలకెక్కింది. వంద ఎక్కడ, అయిదు ఎక్కడ! ఈ పొరపాటు పుట్టుకను 2021లో రాండల్ అనే పరిశోధకురాలు, కొందరు శాస్త్రజ్ఞులతో కలిసి పాత కాగితాలు తిరగేసి బయటపెట్టింది. పండితులు పాఠపరిష్కరణలో చేసే పని అది. ఏ ప్రతిలో తప్పు మొదట దొర్లిందో పట్టుకోవడం.

2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలిద్వారా వ్యాపించేది కాదని ప్రకటించింది. మన దేశంలో ‘రెండు గజాల దూరం’ నినాదమైంది, దుకాణాల ముందు సున్నంతో గుండ్రాలు గీశారు. ఆ గుండ్రాల వెనుక ఉన్నది పెద్ద బిందువు మీటరు రెండు మీటర్లలో నేల రాలుతుందన్న లెక్క. నిజమైన ఉమ్మితుంపర అలా కాదు. అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నీరే అయినా, ఆ మిగిలిన ఒక్క పాలు ఉప్పూ జిగురూ కథను మారుస్తాయి. నీరు తరుగుతున్నకొద్దీ ఉప్పు చిక్కబడి, రౌల్ చెప్పినట్టే నీటిని పట్టి ఉంచుతుంది. తేమగల గాలిలో బిందువు పూర్తిగా ఆరనే ఆరదు. ఆరినా సున్నకు చేరదు. మొదటి వ్యాసంలో సుమారు నాలుగోవంతు దగ్గర ఆగి, గింజగా మిగిలి తేలుతుంది. పైగా తుంపరలు విడివిడిగా రావు. వెచ్చని తడిగాలి మబ్బుతో కలిసి వస్తాయి. ఆ మబ్బు తుంపరలను ఆరనివ్వక ఏడెనిమిది మీటర్ల దాకా మోసుకుపోగలదని ఎం.ఐ.టి.లోని లిడియా బురూయిబా 2020 మార్చిలోనే వ్రాసింది. ఉప్పూ తేమా అన్నీ కలిపి వెల్స్ గీతను తిరగవ్రాసే పని అంతకు పదమూడేళ్ళ ముందే, 2007లో, హాంకాంగ్‌లో జరిగి ఉంది. చదివినవారు తక్కువ.

సంస్థ 2021 ఏప్రిల్ 30న తన మాట సవరించుకొంది. గాలి ఆడని గదుల్లో తేలే కణాల వల్ల దూరంగా ఉన్నవారికీ సోకవచ్చునని ఒప్పుకొంది. ఆ పదమూడు నెలల్లో మనం చేతులు కడుక్కొన్నాం, కూరగాయలు కడుక్కొన్నాం, కిటికీలు మాత్రం మూసుకొని కూర్చొన్నాం. లెక్క ఒకటే కారణమని నేననను. ప్రభుత్వాల భయాలు, మాస్కుల కొరత, వైద్యవర్గపు పాత అలవాట్లు చాలా ఉన్నాయి. కాని శుద్ధజలంగా ఊహించిన బిందువు చివరకు శూన్యమైపోతుంది, ఉన్నదున్నట్టు ఊహించినది గింజై నిలుస్తుంది. ఆ గింజలో సూక్ష్మజీవి ఉంది.

ఇప్పుడు లెక్కలు ఇంకా లోతుకు పోతున్నాయి. గింజ ఆరేటప్పుడు ఉప్పు ఏ తేమ దగ్గర స్ఫటికమవుతుంది, జిగురు చర్మంగా బయటికి చేరి లోపలి నీటిని బంధిస్తుందా, అందులో చిక్కిన సూక్ష్మజీవి ఎంతసేపు బతుకుతుంది అన్నవి చూస్తున్నారు. కాఫీపొడి వారు 1968లో అడిగిన ప్రశ్నే.

మా అబ్బాయికి ఇచ్చిన మాటలు ఇవి. బాగా కలిసిన బిందువుకు ‘తెడ్డుబొట్టు’, పొరపొరగా పోయేదానికి ‘ఉల్లిబొట్టు’, సుడి తిరిగేదానికి ‘సుడిబొట్టు’, చివర మిగిలేదానికి ‘ఇగురుగింజ’. వ్యాపనానికి ‘తోపులాట’ అన్నాను గాని అది తృప్తిగా లేదు, అందులో దెబ్బలాట వాసన ఉంది. ‘పాకుడు’ అందామంటే నాచు గుర్తుకొస్తుంది. ‘ఓరగిల్లుట’, ‘ఒత్తిగిల్లుట’ వంటి పాత క్రియలు కొన్ని చూశాను, ఏదీ సరిపడలేదు. వాళ్ళమ్మగారికి ‘తెడ్డుబొట్టు’ దాకా బాగానే అర్థమైందట. సిరిన్యానో దగ్గర ఆగిపోయారట. తోపులాటకు మెరుగైన తెలుగు తోచిన మిత్రులు తెలియజేస్తే అతడికి పంపుతాను.